మంచు లేని కార్తీకం

మా మరిది మంచుమీద నడిచే మనిషి. ఈ మాట చెబితే బెంగళూరు పేటలో మా వీధివాళ్లు మొదట నవ్వేవాళ్లు. మాది మగ్గాల వీధి. తాతల కాలంలో అనంతపురం వైపునుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. మా మామగారు, నా భర్త పట్టు నేసేవాళ్లు. మరిది ఒక్కడే కాశ్మీరు యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరి ఆ కొండలకు పోయాడు. అక్కడ కాళ్లకు పొడుగాటి సన్నని పలకలు కట్టి, చేతులకు రెండు కర్రలిచ్చి, మంచుమీద జారుతూ రోజంతా నడవడం నేర్పుతారట. కొండ దిగడం ఒక్కటే కాదు, చదునుమీదా ఎగువకూ కూడా అలాగే పోవాలట.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు దసరాకు అతను సెలవుమీద వచ్చాడు. వచ్చిన రెండోనాడే, నేను వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు, మనసులో మాట చెప్పాడు. పోయిన చలికాలం పెట్టిన దూరపు నడక పరీక్షలో అతను గడువు దాటాక చేరాడు. పై అధికారి ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. ఈ చలికాలం కూడా వెనకబడితే మంచు దళంనుంచి తీసేసి మైదానంలో గిడ్డంగి పనికి పంపుతారు.

పంపితే ఏమి, జీతం అదే కదా అన్నాను.

"జీతం కాదు వదినా. ఆ మంచుమీద పోతాంటే ఒక్క చప్పుడు ఉండదు. మన ఊపిరి మనకే వినిపిస్తాది. నువ్వు పారాయణానికి కూచున్నప్పుడు నీ ముఖం ఎట్లుంటాదో, నాకు లోపల అట్లుంటాది."

అంత మాట అన్నాక అది నాకు కూడా పరీక్ష అయింది. ఆనాటినుంచి దీపం పెట్టినప్పుడల్లా స్వామిని అతని కాళ్ల బలం గురించే అడిగేదాన్ని.

తెల్లవారకముందే లేచి లాల్‌బాగ్ తోటలోని పెద్ద బండదాకా పరిగెత్తేవాడు. రెండు వెదురు కర్రలు పట్టుకుని, ఆ బండమీదికి పెద్ద పెద్ద అంగలతో ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కేవాడు. తిరిగి వచ్చేటప్పటికి వీధి మేలుకునేది. ఎదురింటి బట్టలంగడి ఆయన అరుగుమీద పళ్లు తోముకుంటూ రోజూ ఒకే ప్రశ్న వేసేవాడు: "ఏమప్పా, పడిందా మంచు?" మరిది నవ్వి, రేపు పడుతుందని చెప్పి లోపలికి వచ్చేవాడు. మామగారు మాత్రం నవ్వేవారు కాదు. కాళ్లు ఉన్నది మగ్గం తొక్కడానికని, ఊరికే బండలెక్కి అరగదీసుకోవడానికి కాదని గొణిగేవారు.

దీపావళి ముందు ముసురు పట్టింది. ఒకనాడు మరిది లేవలేదు. మరునాడూ అంతే. మూడోనాడు వాన వెలిసినా కంబళి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాఫీ తీసుకుపోయి పక్కన కూర్చున్నాను.

"బేజారైపోయింది వదినా. అక్కడైతే ముందర ఒకడు, వెనక ఒకడు పోతాంటారు. కింద మంచు ఉండాది. నిన్నటికన్నా ఈ పొద్దు బాగా జారినానా లేదా తెలుస్తాది. ఇక్కడ ఏముండాది? బండ ఉండాది, బట్టలంగడాయన ఉండాడు."

కనిపించని స్వామికోసం ఏళ్ల తరబడి నామం చెప్పుకునేవాళ్లం మనం, కనిపించలేదని ఎవరైనా మానేశామా అన్నాను. అతను కోప్పడలేదు గాని, "నీకు తోడు పారాయణ గోష్ఠి ఉండాది కదా. నువ్వు ఒక్కదానివే అయితే ఇన్నేండ్లు చెప్పేదానివా?" అన్నాడు.

చిన్ననాటినుంచి మా నాన్న పక్కన కూర్చుని పురాణం చదవడం నేర్చినదాన్నే. అయినా నిద్ర ముంచుకొచ్చిన రోజుల్లో నన్ను కూర్చోబెట్టింది చుట్టూ ఉన్న పదిమంది గొంతులే. అతను చెప్పింది నిజం.

అందుకే కార్తీకం మొదలయ్యే రోజు అతన్ని మా భజన మందిరానికి పంపాను. మా వాళ్లది చెక్క భజన. మగవాళ్లు రెండు వరుసలుగా నిలబడి, కాళ్లకు గజ్జెలు, చేతుల్లో తాళం చెక్కలతో పాడుతూ అడుగులు వేస్తారు. నెల మొదటిరోజు గురువు చేతి మీదుగా గజ్జె కట్టుకున్నవాడు నెలాఖరుదాకా ఒక్క సాయంత్రం మానకూడదు. మానితే తిట్టరు, జరిమానా వేయరు. వరుసలో అతని చోటు ఖాళీగా వదిలి, ఇటూ అటూ వాళ్లు జరక్కుండా ఆ సందు పెట్టుకునే ఆడతారు. ఎవరు రాలేదో వీధికంతా తెలుస్తుంది.

మొదటి సాయంత్రం మరిది ప్రతి మలుపులోనూ వెనకబడ్డాడు. కొండలెక్కే మనిషి మా ముసలివాళ్ల అడుగు అందుకోలేకపోయాడు. గురువు వృద్ధుడు, అద్దకం పని చేసేవాడు. ఆయన పాట ఆపించి, "రెండు కాళ్లనీ నమ్మకుండా మధ్యన నిలబడి ఉండావప్పా. పూర్తిగా ఒక కాలిమీదికి పో. పడితే పట్టుకునేదానికి మేముండాము," అన్నాడు.

ఇంటికి వచ్చి మరిది అరుగుమీదే అడుగులు వేసి చూసుకున్నాడు. తర్వాత నన్ను పిలిచి చెప్పాడు: మంచుమీద అతని తప్పు సరిగ్గా ఇదేనట. బరువంతా ఒక పలకమీద వేస్తేనే అది దూరం జారుతుంది. పడిపోతానన్న భయంతో సగం బరువు రెండోదానిమీద దాచుకుంటే, జారాల్సిన మనిషి ఈడ్చుకుంటూ నడుస్తాడు. అధికారి ఎన్నిసార్లు అరిచినా అతని ఒంటికి ఎక్కని సంగతి, ఆ రాత్రి అరుగు చివరనుంచి చివరకు మెల్లగా అడుగులు వేస్తుంటే ఎక్కింది.

అయినా ఆ మొదటివారంలోనే మరో ముసురు సాయంత్రం అతను వెళ్లలేదు. మరునాడు నీళ్లకు పోయినచోట ఆడవాళ్లు నన్ను, మీ మరిదికి జ్వరమా అని అడిగారు. ఇంటికి వచ్చి అతనికి చెప్పాను. ఆ సాయంత్రం అందరికన్నా ముందు మందిరంలో ఉన్నాడు. తన చోటు ఎందుకు వేరేవాళ్లకు ఇవ్వలేదని గురువును అడిగాడట. "అది నీది కదప్పా," అన్నాడట ఆయన. అంతే.

ఆ తర్వాత అతను మానలేదు. అంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచింది భజనవాళ్లు చేసిన పని. అతను సాయంత్రం మనకోసం వస్తున్నాడు, పొద్దున అతనికోసం మనం పోవద్దా అనుకున్నారు. రోజుకొకరు వంతు వేసుకుని తెల్లవారకముందే మా తలుపు తట్టేవాళ్లు. పరిగెత్తగలిగినవాళ్లు పరిగెత్తారు, చేతకానివాళ్లు బండ కింద కూర్చుని చెక్కలు వాయిస్తూ తాళం వేశారు. బట్టలంగడి ఆయన కూడా భజనలోవాడే. తన వంతు వచ్చినప్పుడు సైకిలు తెచ్చుకున్నాడు. ఎగువ దారిలో సైకిలు దిగి తోసుకుంటూ, ఆయాసంతో, "మంచు పడకపోతే ఏమప్పా, నేను పడేటట్లుండాను," అన్నాడట. ఆ మాట చెప్పి మరిది కడుపు పట్టుకుని నవ్వాడు. అతను అలా నవ్వడం ఆ సెలవులో అదే మొదటిసారి.

నెల ముగియకముందే సెలవు ముగిసింది. పోయేముందు పరీక్ష సంగతి ఇంట్లో అందరికీ చెప్పాడు. గజ్జె మధ్యలో విప్పడం ఎలాగని అతను దిగులుపడ్డాడు. గురువు తానే వంగి విప్పి, మిగతా సాయంత్రాలు ఎక్కడుంటే అక్కడ అడుగులు వేయమన్నాడు. రైలుపెట్టెలో నడవా ఇరుకు, జనం చూస్తారు. అయినా వేశానని తర్వాత చెప్పాడు.

మరుసటి వైశాఖంలో అతను గుమ్మంలో నిలబడేదాకా మాకు ఫలితం తెలియదు. ముఖం కమిలి నల్లబడింది, మంచు ఎండకు కళ్లద్దాలు పెట్టుకున్నంత మేరా తెల్లగా ఉంది. మా అత్తగారు ఆ ముఖం చూసి కన్నీళ్లు పెట్టుకుంది. మామగారు మగ్గం గుంటలోంచే అడిగారు: "పెట్టుకున్నారా, తీసేసినారా?"

"పెట్టుకున్నారు నాయనా. ఈసారి కొత్తోళ్లకు నేర్పమన్నారు."

పరీక్షనాడు చివరి ఎగువలో ఊపిరి అందలేదట. ముందు పోయేవాడు కనుమరుగయ్యాడట. అప్పుడు లోపల భజన ఎత్తుకుని, ఒక్కొక్క కాలిమీద పూర్తిగా వాలుతూ పోయాడట. ముందువాణ్ణి అందుకోలేదు గాని, గడువులోపలే చేరాడు. నేను దేవుడింట్లోకి పోయి సాష్టాంగపడ్డాను. ఎవరూ చూడని ఆ చీకటి పొద్దుల్లో అతను లేచిన లేవడాన్ని స్వామి చూశాడని నాకు ఈనాటికీ నమ్మకం.

నేను బయటికి వచ్చేసరికి మామగారు గుంటలోంచి లేచి వచ్చి ఉన్నారు. ఆ జారడం ఎట్లాగో చూపమని కొడుకును అడుగుతున్నారు. మరిది ఇంట్లోని నున్నటి బండపరుపుమీద ఒంటికాలిపై వాలి, రెండోది వెనక్కి గాలిలో తేల్చి చూపించాడు. మామగారు పంచె ఎగ్గట్టి, కొడుకు భుజం పట్టుకుని, తానూ ఒక కాలిమీద నిలబడ్డారు.

"ఇట్లనేనా?"

"ఇంకా వాలాల నాయనా. భయపడొద్దు, నేను పట్టుకొని ఉండాను."