మార్జిన్ వదిలిన అర్జీ

ఆగస్టు పన్నెండు, మంగళవారం. ఇడ్లీ పిండి రుబ్బడం అయింది. మంచినీళ్ల ఫిల్టర్ కడగడం అయింది. రెండు బకెట్ల బట్టలు మేడ మీద ఆరేయడం అయింది. ఆవకాయ జాడీకి వాసెనగుడ్డ మార్చడం అయింది. గ్యాస్ బుక్ చేయడం మిగిలింది. చేయబోతుంటే ఫోను మోగింది. గుడివాడ నుంచి నా చిన్ననాటి స్నేహితురాలు.

"ఏమే, మన డ్రాయింగ్ మాస్టారు పోయారంట. నిన్న సాయంత్రం, కోడూరులో. కుర్చీలో కూర్చున్నాయన కూర్చున్నట్టే" అంది.

చేసిన పనులూ మిగిలిన పనులూ ఏ రోజుకారోజు పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు పేజీ అక్కడే ఆగిపోయింది.

బందరులో మా ఆడపిల్లల బడిలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఇది చదివేవారిలో చాలామంది ఉంటారు. ఆయన మంచితనం గురించి మీరూ చెప్పగలరు. నేను చెప్పవలసింది ఇంకొకటి ఉంది. అయితే ఆయన మాకేం నేర్పారో ముందు చెప్పకపోతే, నేను చేసిన పని ఎంత చెడ్డదో మీకు తెలియదు.

ఎనిమిదో తరగతిలో మొదటి రోజు ఆయన నల్లబల్ల నడిమధ్య సుద్దముక్కతో ఒక చుక్క పెట్టారు. "ఇదేం చేస్తోంది?" అని అడిగారు. అది చెరిపి కుడివైపు మూలకు ఇంకో చుక్క పెట్టారు. "మరి ఇది?"

వెనక బెంచీలోంచి ఒక పిల్ల "ఇంటికెళ్లిపోతోందండి" అంది. అందరం నవ్వాం. ఆయనా నవ్వి, "అంతేనమ్మా! మధ్యలో చుక్క కూర్చుంది. మూలది వెళ్లిపోతోంది. చుక్క మారలేదు, చోటు మారింది" అన్నారు.

ఆ తరవాత గీతలు. అడ్డగీత పడుకుంటుంది, నిలువుగీత నిలబడుతుంది, ఏటవాలు గీత పడబోతుంది అనేవారు. తుఫానుకు ఒరిగిన తాడిచెట్టును చూసి మనకు భయమెందుకు వేస్తుందో ఆ రోజే నాకు అర్థమైంది. ముంజలు అమ్మే మనిషి కావిడి గీసి, ఒక పక్క పెద్ద గంపను భుజానికి దగ్గరగా, ఇంకో పక్క చిన్న గంపను దూరంగా కట్టారు. "రెండు పక్కలా ఒకేలా ఉంటేనే తూకం అనుకోవద్దు. చిన్నదైనా దూరంగా ఉంటే పెద్దదాన్ని మోస్తుంది" అన్నారు. పెడన అద్దకం గుడ్డ తెచ్చి, ఒకే పువ్వు వరసగా నలభైసార్లు వచ్చినా కంటికి విసుగెందుకు రాదో మా చేతే చెప్పించారు. మేము బొమ్మ నిండా రంగులు కుమ్మరిస్తే, "పేజీలో ఒక్కరే పెద్దమనిషి ఉండాలమ్మా. అందరూ అరిస్తే ఎవరి మాటా వినపడదు" అనేవారు.

బొమ్మలు దిద్దేటప్పుడు కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని, కళ్లు సగం మూసి చూసేవారు. "మాస్టారికి నిద్రొస్తోందే" అని మేము గుసగుసలాడుకునేవాళ్లం. ఒకసారి విన్నారు. "నిద్ర కాదు తల్లీ. ఇలా చూస్తే ముక్కులూ చెవులూ పోయి అసలు సంగతి మిగులుతుంది. మీరూ చూడండి" అన్నారు. నలభై మంది ఆడపిల్లలం కళ్లు సగం మూసుకుని ఒకళ్లనొకళ్లం చూసుకుంటుంటే, అప్పుడే అటుగా వచ్చిన హిందీ టీచరు గుమ్మంలోనే ఆగిపోయారు.

నాకు బొమ్మలు రావు. నేను గీసిన ఆవుకు గాడిద పోలిక వచ్చేది. పరీక్షలో నా కాగితం చూసి ఆయన దాచిపెట్టకుండా చెప్పేశారు: "నీకు బొమ్మ రాదమ్మా. కానీ పేజీ కూర్చడం వచ్చు. ఎక్కడ ఏది ఉండాలో, ఎక్కడ ఏదీ ఉండకూడదో నీకు తెలుసు. బొమ్మ గీసేవాళ్లకు కూడా అది అంత తొందరగా రాదు." అప్పటిదాకా నన్ను ఎవరూ దేనికీ మెచ్చుకోలేదు. మరుసటి సంవత్సరం నుంచి బడి వార్షికోత్సవం కార్యక్రమాల పట్టిక నా చేతే రాయించేవారు. పక్కన నిలబడి, "నాలుగు వైపులా మార్జిన్ వదులు. గాలి ఆడాలి" అనేవారు. నా వంటింటి డబ్బాల వరసలో, పిల్లల పుస్తకాల అట్టల మీద, పెళ్లి సామాన్ల జాబితాల్లో ఇప్పటికీ ఆ గాలి ఉంది. మా వీధిలో ఎవరింట్లో శుభకార్యమైనా చీటీలు రాయడానికి నన్నే పిలుస్తారు.

ఇక నేను చేసిన పని.

మా అమ్మాయి అదే బడిలో తొమ్మిదో తరగతికి వచ్చింది. డ్రాయింగ్ మాస్టారు ఇంకా ఆయనే. వారానికి రెండు డ్రాయింగ్ పీరియడ్లుండేవి. పదో తరగతి దగ్గర పడుతోంది, బొమ్మలు గీసి ఏం చేస్తారు, ఆ రెండూ లెక్కలకిమ్మని అడుగుదామని తల్లులం అనుకున్నాం. మొదట అన్నది నేను కాదు. కానీ కాదన్నదీ నేను కాదు. మా ఇంటి వరండాలోనే అందరం కూర్చున్నాం. కాగితం ఎవరు రాయాలనే మాటే రాలేదు. "నువ్వు రాయి వదినా. నీ దస్తూరీ చూస్తే హెడ్మిస్ట్రెస్ కాదనలేదు" అంది పక్కింటావిడ.

రాశాను. మనసు పెట్టి రాశాను. నాలుగు వైపులా మార్జిన్ వదిలాను. కారణాలు మూడు, ఒక్కొక్కటి రెండు వాక్యాలకు మించకుండా. ముఖ్యమైనదానికి పైనా కిందా ఖాళీ ఉంచి, చూడగానే కన్ను దాని మీదే పడేటట్టు చేశాను. సంతకాలు రెండు వరసలు, ఎడమవైపు ఎన్నో కుడివైపు అన్ని. పూర్తయ్యాక కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని, కళ్లు సగం మూసి చూసుకున్నాను. ఆ పని ఎవరు నేర్పారో ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదంటే మీరు నమ్మరు. గుర్తొచ్చింది. అయినా మడిచి కవర్లో పెట్టాను.

వారం తిరక్కుండా హెడ్మిస్ట్రెస్ ఒప్పుకున్నారు. ఇంత పద్ధతిగా రాసిన అర్జీ తన సర్వీసులో చూడలేదని అన్నారట. మావాళ్లు ఆ మాట నాకు మెచ్చుకోలుగా తెచ్చి చెప్పారు.

ఫీజు కట్టడానికి బడికి వెళ్లిన రోజు వరండాలో నిలబడి ఉంటే, మాస్టారు హెడ్మిస్ట్రెస్ గదిలోంచి బయటికి వచ్చారు. చేతిలో ఆ కాగితమే. నన్ను చూసి ఆగారు. ఎప్పటిలాగే పిల్లలెలా ఉన్నారని అడిగారు. తరవాత కాగితం కాస్త నా వైపు తిప్పి, "ఎవరు రాశారో గాని, మార్జిన్ చక్కగా వదిలారమ్మా" అన్నారు.

ఆయన ఆ మాట అని ఊరుకున్నారు. వెళ్లిపోలేదు. నేను మాట్లాడటానికి కావలసినంత సేపు నిలబడ్డారు.

"అవునండీ మాస్టారూ. ఎవరో మరి" అన్నాను.

ఆయన తల ఊపి, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లారు. మిగిలిన మూడేళ్ల సర్వీసూ ఆయన చేత మధ్యాహ్న భోజనం రిజిస్టర్లు రాయించారు, సెలవు పెట్టిన టీచర్ల క్లాసుల్లో కాపలా కూర్చోబెట్టారు. మా అమ్మాయికి లెక్కల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. ఒక రోజు అన్నం తింటూ, "ఆ రెండు పీరియడ్లలోనే అమ్మా, ఎవరూ తిట్టేవాళ్లు కాదు" అంది. నేను పెరుగు వడ్డించాను.

పదకొండో రోజుకు కోడూరు వెళ్లాం. అవనిగడ్డలో బస్సు మారి, గుడివాడ స్నేహితురాలూ నేనూ. మాస్టారి పెంకుటింటి ముందు షామియానా వేశారు. బడిలో చదువుకున్నవాళ్లం పన్నెండు మందిమి చేరాం. భోజనాలకు ముందు ఒక్కొక్కరూ ఆయన గురించి చెప్పుకుంటున్నాం. చుక్క గురించి, కావిడి గురించి. నవ్వులూ వచ్చాయి. మాస్టారి భార్య స్తంభానికి ఆనుకుని కూర్చుని వింటున్నారు.

అప్పుడు నా స్నేహితురాలు గొంతు పెంచింది. "అంతటాయన చేత చివరికి కోడిగుడ్లు లెక్కపెట్టించారు. ఎవరో మహాతల్లి అర్జీ రాసిందంట. ఏం బావుకుందో! దాని చేతులు పడిపోను."

అందరూ అవునన్నారు. నేనూ తల ఊపబోయాను. అలవాటైపోయిన తల. ఈసారి మెడ కదలలేదు.

"నేనే రాశాను" అన్నాను.

"నువ్వేం రాశావే?"

"ఆ అర్జీ. నా చేత్తో రాశాను. మాస్టారు అడిగితే ఎవరో తెలియదన్నాను."

నా స్నేహితురాలు నా వైపు చూసి, తిట్టిన తిట్టు వెనక్కి తీసుకోవాలో వద్దో తేల్చుకోలేక, చీర కుచ్చిళ్లు సర్దుకుంది. తీసుకోలేదు. అది న్యాయమే.

మాస్టారి భార్య లేచి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. "ఆయనకు తెలుసమ్మాయ్" అన్నారు. "ఆ సాయంత్రమే కాగితం తెచ్చి నాకు చూపించారు. నా పిల్లే రాసింది, ఎంత బాగా కూర్చిందో చూడవే అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవత్తది, వెళ్లి నాలుగు దులిపేసి వస్తానన్నాను. పేరు చెప్పలేదు. చచ్చినా చెప్పలేదు. పిల్ల సిగ్గుపడుతుందే, వదిలెయ్ అన్నారు."

ఆయన కోపగించి ఉంటే మోయగలిగేదాన్ని. పదిహేనేళ్లు నా సిగ్గును ఆయన కాచారు. నేను దాన్నే దాచుకుంటూ, బందరు బస్టాండులో ఆయన కనిపించిన రెండు సార్లూ పండ్ల బండి చాటుకు తప్పుకున్నాను.

"ఆయన వరకు అది ఏనాడో చెల్లిపోయిందమ్మా. నువ్విప్పుడు చెప్పావు, నా వరకు ఇవాళ చెల్లింది. లే, అన్నం తిందువుగాని" అన్నారావిడ.

చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాను. కిటికీ గూట్లో మాస్టారి కళ్లజోడు ఉంది. పోవడానికి వారం ముందు కూడా ఎదురింటి వాళ్ల పడవకు పేరు రాసి ఇచ్చారట. ఎడమ అద్దం మీద నీలం రంగు తుంపర రెండు చోట్ల పడి ఎండిపోయి ఉంది. మరకను చూస్తే నా చేయి ఊరుకోదు. కొంగు అందుకుని, చేయి చాచి, అంతలోనే ఆపుకున్నాను. కిటికీలోంచి వస్తున్న వెలుతురు ఆ అద్దం గుండా గోడ మీద పడుతోంది. దానిలో రెండు చిన్న నల్లని చుక్కలు కదలకుండా కూర్చున్నాయి.