ఎలా తప్పారండీ?

ప్రభుదాసు మాస్టారికి సరైన జవాబు చెబితే ముఖం చిన్నబోయేది. తప్పు చెబితే మాత్రం పండగే. వట్లూరు ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన పాఠమే అలాంటిది: మనిషి ఆలోచించే తీరును కంప్యూటర్‌కి నేర్పడం.

ఓసారి టీ అడిగితే క్యాంటీన్ హుస్సేన్ కాఫీ ఇచ్చాడు.

"అద్భుతం! ఎలా తప్పారండీ?"

"మీ ముందాయన కాఫీ అడిగారండీ. చెయ్యి ఆ ధోరణిలోనే ఉండిపోయింది. ఇటివ్వండి, మారుస్తాను."

"మార్చేస్తే ఎలాగండీ!" అంటూ, కాఫీ గిట్టని ఆ మనిషి గ్లాసు ఖాళీ చేశారు.

2007లో ఆయన దగ్గర ఎం.టెక్ ప్రాజెక్టుకి చేరిన దీవెనది గుండుగొలను. తప్పు చెబుతానేమోనని క్లాసులో నోరే విప్పేది కాదు. కొల్లేటి జనం ఎలా దారి చెబుతారో అలాగే చెప్పే ప్రోగ్రాం రాయాలి. ఆమె రాసింది ఎప్పుడడిగినా దగ్గరి దారే చూపించింది.

"ఇది మ్యాపమ్మా. ఇందులో మనిషేడీ?" అని మాస్టారు దిగులుపడ్డారు.

ఇద్దరూ కొల్లేటి ఊళ్ళలో దారి అడుగుతూ తిరిగారు. అందరిదీ ఒకటే మాట: "చేపల చెరువు గట్టు కాడ ఎడమకి తిరగండి." ఆ గట్టును ఏడాది కిందటే కొట్టేశారు! మాస్టారు బురదలో నిలబడే చప్పట్లు కొట్టారు.

"అలవాటైన దారి అంత తొందరగా చెరగదమ్మా. నాకు చెప్పద్దు, రాసి నడిపి చూపించు."

దీవెన రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది.

వైవా రోజు బయటి కాలేజీ నుంచి పరీక్షాధికారి ఆలస్యంగా, చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. స్క్రీన్ చూసి నొసలు చిట్లించారు.

"లేని గట్టు దగ్గర తిరగమంటోందేంటమ్మా? తప్పు కదా!"

ఇది పోతే ఏడాది పోయినట్టే. దీవెన మాస్టారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి కాకిని చూస్తున్నారు.

"సార్... మీకు ఆలస్యమెందుకైందండీ?"

"పాత బిల్డింగుకి వెళ్ళిపోయానమ్మా. ల్యాబు మారిందని లెటర్లో చదివాను కూడా."

"మరి ఎలా తప్పారండీ?"

"ఏటా అక్కడికే కదా, కాళ్ళు..." ఆయన ఆగి, స్క్రీన్ చూసి, పకపకా నవ్వారు. "ఓరి దీని దుంపతెగ! ఇది అచ్చం నాలాగే ఆలోచిస్తోందే!"

ఆ తర్వాత దీవెనను ఆపడం ఎవరి తరమూ కాలేదు. పాసైంది. సాయంత్రం స్కూటర్ స్టాండులో మాస్టారిని పట్టుకుంది.

"ఏటా గేటుకి ఎదురెళ్ళి ఆయన్ని తీసుకొచ్చేది మీరే కదండీ. ఇవాళ వెళ్ళలేదేం సార్?"

"మర్చిపోయానమ్మా."

"ఎలా మర్చిపోయారండీ?"

మాస్టారు గబగబా స్కూటర్ కిక్కు కొట్టారు. అది అప్పటికే స్టార్టయి ఉంది.