నిద్ర గడిలో టిక్కు

డెబ్బైల చివర్లో నేను మనస్తత్వశాస్త్రం ఎం.ఏ. చదువుతున్నాను. పరిశీలన పద్ధతి నేర్చుకోమని మా ప్రొఫెసర్ నన్నూ, మా తరగతి అబ్బాయినీ పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీకి పంపాడు. అబ్బాయిది కోస్తా, తండ్రి ఉద్యోగానికని ఇటు వచ్చిన కుటుంబం. నాది ఆ ఫ్యాక్టరీ పక్క ఊరే, చిట్కుల్. మా నాన్న మిషన్ బడిలో పంతులు.

సీసాల్లో నలకలున్నాయేమో ట్యూబ్‌లైటుకు ఎత్తి చూసే ఆడవాళ్లకు ఎదురుగా మేం కూర్చోవాలి. అరనిమిషానికోసారి పని, మాట, నిద్ర అనే మూడు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. వాళ్లతో మాట్లాడకూడదు. "కనబడిందే రాయండి, అనుకున్నది రాయొద్దు" అని ప్రొఫెసర్ పదిసార్లు చెప్పాడు. మా ఇద్దరి కాగితాలూ కలిస్తేనే వాటికి విలువ.

కలవలేదు. వరుసలో అందరికంటే పెద్దామె మా చర్చికే వస్తుంది. ఒక ట్రే అయిపోగానే కళ్లు మూసుకునేది. అబ్బాయి ప్రతిసారీ నిద్ర గడిలో టిక్కు పెట్టాడు. నేను మూడు గడులూ వదిలేసి, "కళ్లు మూసింది, పెదవులు కదులుతున్నాయి" అని పక్కన రాశాను. అది పరలోక ప్రార్థన అని నాకు తెలుసు. ఆ పెదవుల కదలిక చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

ఇంతలో మేనేజర్ మా కాగితాలు అడిగాడు. పనిలో నిద్రపోయేవాళ్లను ఇంటికి పంపేస్తానన్నాడు. ప్రొఫెసర్ నన్ను పిలిచి, నా కాగితాన్ని అబ్బాయి కాగితంతో సరిచేయమన్నాడు.

"నిద్ర కనవడలే సార్. కండ్లు మూసుకున్నది కనవడ్డది. నిద్ర అన్నది ఆయన అనుకున్నది."

"నువ్వా ఊరి పిల్లవి. నీకు పక్షపాతం ఉంటుంది."

నాకు ఒళ్లు మండింది. ఊరు తెలిసినదానికి పక్షపాతమట, తెలియనివాడికి చూపట!

మర్నాడు అన్నాలు తిన్నాక నేను అబ్బాయికి ఎదురుగా కూర్చున్నాను. అతను ఆవలిస్తూ కళ్లు మూసినా, కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నా, అతని పద్ధతిలోనే నిద్ర గడిలో టిక్కు పెట్టాను. గంటలో తొమ్మిది వచ్చాయి. ఆ కాగితం అబ్బాయి ముందే ప్రొఫెసర్ బల్ల మీద పెట్టాను.

"ఏమిటిది?"

"ఈయన లెక్కనే సార్. ఆమెను ఇంటికి పంపుతె ఈయనను సుత పంపాలె."

అబ్బాయి మొహం కందగడ్డ చేసుకున్నాడు. ప్రొఫెసర్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేనేజర్‌కు మా కాగితాలేవీ ఇవ్వలేదు. ఆమె ఉద్యోగం నిలబడింది.

ఆదివారం చర్చి బయట ఆమెకు ఇదంతా గొప్పగా చెప్పాను. "పనిల సుత దేవున్ని మరువవు, పెద్దమ్మా" అన్నాను.

ఆమె నవ్వింది. "భక్తి గాదు బిడ్డా. లైటు సూసి సూసి కండ్లు మసకైతయి, నలక కనవడది. ఒక్క ప్రార్థన అయ్యేదాంక మూసుకుంటె మల్ల సాఫ్ అయితయి. నా తాన గడియారం యాడిది? గా మందు ఎవల ఒంట్లకు వోతదో ఏమో." చెప్పులు వేసుకుంటూ, "గన్ని దినాలు ఎదురుంగ కూసున్నరు. ఒక్క మాట అడుగుతె ఏం పోతుండె?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. అతను నిద్ర అనుకున్నాడు, నేను భక్తి అనుకున్నాను. ఆమె పని చేస్తోంది. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే ప్రాజెక్టులో రాసి, నేను వదిలేసిన చోటల్లా పని గడిలో టిక్కు పెట్టాను.

ప్రొఫెసర్ చూసి మండిపడ్డాడు. వాళ్లతో మాట్లాడకూడదన్న నియమం తప్పానన్నాడు. ఆ టిక్కులు చెరపకపోతే మార్కులు పోతాయన్నాడు.

"గవి ఆమెను అడిగి వెట్టినయి సార్" అన్నాను. "మార్కులే చెరుపుండ్రి."