యాభై దెబ్బల బెనెదెత్త

మా గర్దోనె ఊళ్ళో తుపాకి గొట్టం ఒకరు చేస్తారు, నిప్పు పుట్టించే యంత్రం ఒకరు చేస్తారు, దాని మీద శిల్పం ఇంకొకరు చెక్కుతారు. నేను దానికి అక్రోటు కర్ర పిడి బిగిస్తాను. ఎవరిని అడిగినా తన పనే గొప్పదంటాడు, నేనూ అంతే. కానీ మా అందరి గొప్పా చివరికి వెళ్ళి పడేది బెనెదెత్త చేతిలో. ఆవిడ ఏమీ తయారుచెయ్యదు. కొట్టి చూస్తుంది.

మెల్లా ఏటి ఒడ్డున, కిటికీ లేని రాతి కొట్టం ఆవిడది. తలుపు మూసి, యంత్రాన్ని బల్లకు బిగించి, కొత్త చెకుముకిరాయి పెట్టి మీట నొక్కుతుంది. కుక్క దూకి ఉక్కురేకును కొడుతుంది. రాయిని దవడల్లో కరుచుకుని దూకే ఆ ముక్కని మేం కుక్క అనే అంటాం. రవ్వలు సరిగ్గా తుపాకిమందు పోసే గిన్నెలో పడుతున్నాయో లేదో చీకట్లో చూస్తుంది. ఒక్కో యంత్రానికి యాభై దెబ్బలు. నలభై తొమ్మిదోసారి తప్పినా తలుపు తీసి వెనక్కి ఇచ్చేస్తుంది.

ముక్కుసూటి మనిషి. ఒకసారి ఒకాయన ద్రాక్షతీగలూ దేవదూతలూ చెక్కిన యంత్రం తెస్తే, ఇరవైకే ఆపేసి, "పైన పటారం, లోన లొటారం. దేవదూతల్ని కాస్త నిప్పు కూడా తెమ్మను" అంది. ఆయన ఏడాదిపాటు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడకి ఆ సంగతే తెలియలేదు.

అలాంటి బెనెదెత్తకు బొర్తొలొ జ్ఞానతండ్రి, జ్ఞానస్నానం నాడు తండ్రిగా నిలబడినవాడు. తల్లీ తండ్రీ జ్వరానికి పోతే ఏడేళ్ళ పిల్లని ఇంటికి తెచ్చుకుని పెంచాడు. ఉక్కు మీద ఆయన చెక్కిన వేటకుక్కలకి ఊపిరి ఆడుతున్నట్టే ఉండేది. డెబ్బై దాటాక చేతులు వణకడం మొదలైంది. అప్పుడొచ్చింది క్రెమోనా దగ్గరి మార్కీ దొర కబురు, అడవిపంది వేటకు తుపాకి కావాలని. "ఇదే నా ఆఖరిది" అని ఊరంతా చాటాడు ముసలాయన.

ఎనిమిది నెలలు చెక్కాడు. యంత్రం మీది కుక్కని నిజంగా వేటకుక్కలాగే మలిచాడు. సాగిన మెడ, మెడలో నరాలు, వెనక్కి వాలిన చెవులు. కొలిమిలో గట్టిపరిచి మెరుగుపెట్టాక చూడ్డానికి ఫాదిరీగారు కూడా వచ్చారు. నేనైతే నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

తుపాకి తీసుకెళ్ళడానికి దొర దివాను వచ్చిన రోజు, బొర్తొలొ ఆ యంత్రాన్ని పట్టుగుడ్డలో చుట్టి కొట్టానికి తెచ్చాడు. కర్ర పని నాది కాబట్టి నేనూ వెంట వెళ్ళాను.

"మూడు దెబ్బలు కొట్టి ఇచ్చెయ్యి తల్లీ. ఆయన గుర్రం బయటే ఉంది."

"యాభై, పెదనాన్నా."

"నా పనికి కూడానా?"

"నీ పనికి కూడా."

దివాను కల్పించుకున్నాడు. "అమ్మా, ఇది ప్రభువుల వస్తువు. వంటింటి కత్తిలా అరగదీస్తారా?"

"మీ ప్రభువు దీన్ని గోడకు తగిలిస్తాడా, పందికి గురిపెడతాడా?"

"గురిపెడతారు."

"అయితే యాభై."

ముసలాయన ముఖం ఎర్రబడింది. "నీకు ముద్దపెట్టి పెంచినవాణ్ణి నేను. ఇది పోతే ఇంకోటి చెయ్యడానికి నాకు చేతులున్నాయటే?"

ఆవిడ యంత్రాన్ని బల్లకు బిగించింది. నేనైతే మూడు దెబ్బలకే సరేననేవాణ్ణి, సిగ్గుపడకుండా చెబుతున్నాను. కొట్టడం మొదలైంది. పది, ఇరవై, ముప్పై. ప్రతిసారీ రవ్వలు జల్లుగా రాలాయి. ఆ వెలుగులో ముసలాయన మీసం కింద నవ్వు కూడా కనబడింది. ముప్పై ఎనిమిదో దెబ్బకి కుక్క మెడ దగ్గర పుటుక్కుమంది. తల ఎగిరి గోడకు కొట్టుకుని నా కాళ్ళ దగ్గర పడింది.

బొర్తొలొ దాన్ని తీసుకోలేదు. ఇంటికి వెళ్ళి తలుపేసుకున్నాడు. బెనెదెత్త నాలుగు రోజులు మొక్కజొన్న సంకటి గడప దగ్గర పెట్టింది, నాలుగు రోజులూ అది అక్కడే ఎండిపోయింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆవిడని పలకరించడం మానేశారు. "చేసింది తప్పు కాదుగానీ, నీకు గుండె లేదు బెనెదెత్తా" అన్నాను నేను. "ఉంది. పనిచేసేటప్పుడు అది చెయ్యి మీదికి రాదు" అంది. ఆ పూట ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి.

ఐదో రోజు తలుపు తెరుచుకుంది.

"విరిగే ముందు చప్పుడు మారిందా?" అని అడిగాడు ముసలాయన.

"ముప్పై ఐదో దెబ్బకి సన్నబడింది."

"అప్పుడే ఆపేస్తే నా కుక్క నాకు మిగిలేది కదే."

"మిగిలేది. మెడలో పగులుతోనే."

ముసలాయన గడప దగ్గరి గిన్నె వైపు చూశాడు. తర్వాత, "ఆ సంకటి వేడిచేసి తే" అన్నాడు.

కొత్త కుక్కకి ఇంకో నాలుగు నెలలు పట్టింది. వణికే చేతికి సన్నమెడ లొంగదు. అందుకని ఈసారి కుక్క మెడ మందంగా ఉంచేసి, దానికి మేకులు దిగ్గొట్టిన వెడల్పాటి మెడపట్టీ చెక్కాడు, పంది కోరలు దిగకుండా మా వేటగాళ్ళు కుక్కలకు కట్టేలాంటిది. నరాలు లేవు. చెవి ఒకటి కాస్త వంకర. మళ్ళీ వచ్చిన దివాను దాన్ని చూసి, "ఇదేదో కొత్త సొగసు" అని మెచ్చుకున్నాడు.

"సొగసు కాదయ్యా, బుద్ధి. ముసలితనంలో వచ్చింది" అన్నాడు బొర్తొలొ.

కొట్టంలోకి వచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. దెబ్బలు పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ముప్పై ఏడు దాకా వచ్చి ఆపేశాడు. ఆపైన బెనెదెత్తే లెక్కపెట్టింది. నలభై. నలభై ఐదు. యాభై. రవ్వలు మొదటి దెబ్బకు రాలినట్టే రాలాయి.

"అయింది పెదనాన్నా. తీసుకెళ్ళమను."

ఆయన గోడవైపు నుంచి తిరగలేదు.

"ఇంకో యాభై కొట్టు."

"నా లెక్క యాభైయే కదా."

"పందికి నీ లెక్క తెలుసటే? కొట్టు."

బెనెదెత్త మణికట్టుతో కళ్ళు తుడుచుకుని, రాయి మార్చి, కుక్కని మళ్ళీ వెనక్కి లాగింది.