డబ్బా అడుగుకు దిగిన తంబాకు

బీడీ పనోళ్లకు కట్టిన కాలనీ విడీ ఘర్కుల్‌ల మాకు ఇల్లొచ్చిన ఏడు, మా ఆయన పోయి ఇంకా సంవత్సరీకం కాలేదు, ఇల్లు నడిపే పని నా బీడీల మీదనే పడ్డది. అంతకుముందు కొంతం చౌక్ దిక్కు చాళ్‌ల, వరుస అర్రల కిరాయింట్ల, ఉంటిమి. కార్ఖానా ఇంటెనుకనే. ఇరవై ఏండ్లు చుట్టిన, నా కట్టలకు వంక వెట్టినోడు లేడు.

ఆకు, తంబాకు కార్ఖానల తూకమేసి ఇస్తరు, తంబాకు మన డబ్బాల తెచ్చుకోవాలె. ఇంటికాడ చుట్టి, కట్టలు కట్టి, తెల్లారి అప్పజెప్పాలె. అక్కడ చెకర్ కట్టను వేళ్ల నడుమ ఒత్తి చూస్తడు. బీడీ మెత్తగుంటే నడుమనే ఆరిపోతది, రాయి లెక్కుంటే పొగ గుంజదు. రెండూ పక్కకేస్తడు.

ఇల్లు మారి నెల తిరగలే, నా కట్టలు పక్కకు పడవట్టినయి.

"మావశీ, సగం బీడీలు ఉపాసమున్నయి, సగం పెండ్లి బువ్వ తిన్నయి. ఇంట్ల ఎవలెవలు చుడుతున్రు?" అన్నడు చెకర్.

"నేనొక్కదాన్నే."

"ఇంకో వారం చూస్త. గిట్లనే ఉంటే కార్డు ఆపుతరు."

కార్డంటే కార్ఖానా బుక్కుల మన పేరున్నట్టు. అది ఆగితే పనీ పోతది, రేపటి పింఛనీ పోతది. ఇంట్ల అత్త, నేను. మూడో మనిషి లేదు.

పక్కకేసినయి అడిగి తెచ్చుకొని, చాటల పోసి, ఒక్కొక్కటి విప్పి చూసిన. మెత్తటిదాంట్ల పెద్ద పెద్ద రేకలు, పుల్లలు. గట్టిదాంట్ల పిండసొంటి పొడి. అవి చుట్టిన దినం నడుమల ఎర్ర దారం అయిపోతే పచ్చ దారమెత్తుకున్న. మెత్తటియన్నీ ఎర్ర దారంయే, అంటే పొద్దుగాల చుట్టినయి. గట్టియన్నీ పచ్చయి, పగటియి. డబ్బాల మీది తంబాకు రేకలు, అడుగుది పొడి. అంటే తప్పు చేతుల లేదు, డబ్బాల ఉన్నది.

పాతింటికాడ డబ్బా సంకల వెట్టుకొని పది అడుగులు నడిస్తుంటి. ఇప్పుడు షేర్ రిక్షాల ఊగుకుంట రావాలె. మీదికెల్లి అత్తకొక అలవాటు. డబ్బా రాంగనే, తంబాకు మాల్ కుదురుకుంటదని, నేలకు మూడుసార్లు దబదబ కొడ్తది.

"అత్తా, గా కొట్టుడు బందువెట్టు" అన్న.

"నా చిన్నప్పటిసంది కొడుతున్న. అప్పుడు లేని రోగం ఇప్పుడొచ్చిందా?"

"అప్పుడు రిక్షా లేకపాయె."

ఒప్పుకోలే. కలిపిన తంబాకును తొక్కు సీసల సగందాక పోసి ఆమె ముందటనే కొట్టిన. కొట్టినకొద్దీ సన్నపొడి సందుల్లకెల్లి కిందికి జారింది. రేకలకు దిగ సందులేక మీదనే తేలినయి. అత్త సీసను తిప్పి తిప్పి చూసి, "డబ్బాల అయితే కనవడకపాయె" అన్నది. ఆ దినంనుంచి కొట్టలే.

తరువాత డబ్బా రాంగనే బట్ట మీద కుమ్మరిచ్చి, ఒక్కొక్క మూలవట్టి లేపి మీదికి మలుపుడు, జరన్ని నీళ్లు చిలకరిచ్చుడు, మళ్ల మలుపుడు. వారం దాటినంక చెకర్ నా కట్టలన్నీ ఒత్తిండు, ఒక్కటి తియ్యలే. ఏం చేసినవని అడిగితే సీస ముచ్చట చెప్పిన. ఆయన లారీల ఊగుకుంట వచ్చిన తంబాకు బస్తాల దిక్కు చూసిండు. లైన్ల ఎనుకకు నిలవడే ఆడోళ్లకు బస్తా అడుగు మాలే వస్తుండె, వాళ్ల కట్టలే ఎక్కువ పక్కకు పోతుండె. అందరు వాళ్లది మొద్దుచెయ్యి అంటుండ్రి. తెల్లారినుంచి బస్తాను తాడిపత్రి, అంటే టార్పాలిన్, మీద పోసి పారతోని మలిపి, అప్పుడు తూకమేసుడు మొదలువెట్టిన్రు.

నా కార్డు ఆఖరిదాక నడిచింది. ఇప్పుడు పింఛనీ వస్తున్నది. ఆ పనిల నేను తెలుసుకున్నదిది: పొడి మాల్ ఊపితే కలువది, విడిపోతది. కలవాలంటే అడుగుకు చెయ్యి వెట్టి మీదికి తియ్యాలె. పని చెడితే మనిషి చెయ్యిని అనెటందుకు ముందు, మాల్ ఆ చేతికి ఎట్లొచ్చిందో చూడాలె.