అవ్వ చెప్పింది

మార్కాపురం కాలేజీ లైబ్రరీలో ఏ పుస్తకం తెరిచినా కృపారాణి ముందు రాసుకునేది రాసినవాళ్ల పేరు, ఆ తర్వాత సంవత్సరం, పేజీ నంబరు. అదీ ఎర్ర సిరాతో, నిదానంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఇంట్లో ఎవరేమన్నా "యాడ చదివినావు? ఎవురు చెప్పినారు?" అని నిలదీసే పిల్ల. రాతిపలకలు చేసే పని మీద ప్రాజెక్టు రాయాలని నాలుగు నెలలు ఒక ముసలామె పక్కన రాతిపొడిలో కూర్చుంది. "అవ్వా" అని ఈమె పిలిస్తే, "ఏం బిడ్డా" అంటూ ఆమె తన బతుకంతా చెప్పుకుంది. తీరా ప్రాజెక్టు దిద్దుతున్న కాలేజీ సారు అవ్వ మాటలు రాసిన పేజీల దగ్గరే ఆగాడు. "పుస్తకాలు రాసి ఎప్పుడో చచ్చినోళ్ల పేర్లు కూడా రాసినావు. ఇదంతా చెప్పిన మనిషి పేరేదమ్మా?" అక్కడ "అవ్వ చెప్పింది" అని మాత్రమే ఉంది. అవ్వా అని పిలిచాక ఇంక పేరెందుకని, అంత చదివిన పిల్లకూ అనిపించింది కాబోలు.

మరునాడే పోయి, తల వంచుకుని పేరడిగింది. ముసలామె పలకను నునుపు చేయడం ఆపలేదు. "నా మాటలన్నీ మూటగట్టుకపోతివి. పేరు ఇప్పుడు కావాల్సొచ్చెనా? అదీ మీ సారు అడిగితే! రాసుకో, ఓబులమ్మ." కృపారాణి రాసుకుంది. తప్పైంది, పోయొస్తానంది.

"మంచిది మేడం," అంది ఓబులమ్మ.