బయటివాళ్ళే ఉతకాలి

మొదట్లో ఆ పెరూ ఆమెను చూస్తే నాకు ఒళ్ళు మండేది. అబూధాబీలో మేమిద్దరం ఒకే విల్లాలో పనిచేసేవాళ్ళం. వంట నాది, పిల్లల్ని చూసుకోవడం ఆమెది. టీ చేతికిస్తే చాలు, తాను తాగకముందే రెండు చుక్కలు కింద ఒంపేది. అప్పుడే తుడిచిన గచ్చు! వాళ్ళ కెచువా జనానికి భూమి తల్లి, కొండలు ఇంటి పెద్దలు. ముందు వాళ్ళకు పెట్టకుండా నోట్లో ఏదీ వేసుకోరు. మా ఇద్దరి మధ్యా నడిచేది వచ్చీరాని ఇంగ్లీషు, నాలుగు అరబ్బీ ముక్కలు. కోపమొస్తే మాత్రం నాకు తెలుగే వస్తుంది.

"మీ భూదేవికి దాహమేత్తే నా పేణం తీత్తావేంటే?" అని కేకలేసి, పెరట్లో నా కరివేపాకు కుండీ చూపించాను. అప్పటినుంచీ అందులోనే పోసేది.

దాంతో ఇంకో తగువు మొదలైంది. వాళ్ళ ఊళ్ళో మూడు కోకా ఆకులు పట్టుకుని, వాటి మీద ఊది, కొండల్ని పిలుస్తారట. ఇక్కడ ఆ ఆకు మత్తుమందు కింద లెక్క, దాంతో పట్టుబడితే జైలే. అందుకని నా కరివేపాకు కోసేది. మచ్చలేని ఆకులన్నీ ఆమె కొండలకు, పుచ్చుపట్టినవి నా పులుసుకు.

2020లో కరోనా వచ్చాక గేటు మూసేశారు. ఆమెకు జ్వరం తగిలి, మేడ మీది గదిలో విడిగా ఉంచారు. తలుపు బయట అన్నం పెట్టి వచ్చేదాన్ని. జ్వరం తగ్గింది గానీ వాసన తెలియడం పోయింది. ఉల్లిపాయ తరిగి ముక్కు దగ్గర పెట్టినా ఉలుకూ పలుకూ లేదు.

అలా ఉండగానే వాళ్ళన్నయ్య ఫోన్ చేశాడు. కొండల్లో వాళ్ళమ్మ పోయిందట, ఖననం కూడా అయిపోయిందట. కబురే ఆలస్యంగా అందింది. విమానాలు లేవు.

ఆమె ఏడవలేదు. పెట్టెలోంచి ఎర్రటి ఉన్ని శాలువా తెచ్చింది. వాళ్ళమ్మ నేసుకుని, ఏళ్ళ తరబడి కప్పుకుని, కూతురు బయల్దేరిన రోజున తన భుజం మీంచి తీసి కప్పిందది. అమ్మ వాసన పోతుందని దాన్ని ఎన్నడూ తడపలేదు. జ్వరానికి ముందు దాన్ని ముఖం మీద వేసుకుంటేనే నిద్రపోయేది.

వాళ్ళలో మనిషి పోయిన ఐదో రోజున బట్టలన్నీ పారే నీళ్ళలో ఉతుకుతారు. ఒక్కటి మిగిలినా ప్రాణం దానికోసం తిరిగొచ్చి, దారి తప్పి అల్లాడుతుందట. కడుపున పుట్టినవాళ్ళు ఉతకకూడదు, ఉతుకుతుంటే చూడనూ కూడదు. బయటివాళ్ళే ఉతకాలి.

"నువ్వు ఉతుకు సిస్టర్," అంది.

"ముక్కు బాగవనియ్. ఒక్కసారి వాసన చూసుకున్నాక ఉతుకుదాం."

"రేపే ఐదో రోజు. అమ్మ ఆగదు. ఖలాస్."

మర్నాడు పెరట్లో పైపు విప్పి వదిలాను. గోదావరి జిల్లాలో పుట్టినదాన్ని, పైపు నీళ్ళలో ఇంకొకరి తల్లి దినం చేయాల్సి వచ్చింది. ఆమె శాలువా చేతికివ్వబోయి ఆగింది. "ముందు నువ్వు వాసన చూడు. నాకు చెప్పు."

పోయినవాళ్ళ బట్ట ముట్టుకుంటే మా ఇంట్లో తలస్నానం చేసేదాకా గడప తొక్కనివ్వరు. అయినా ముఖం ఆనించాను.

"పొగ," అన్నాను. తలూపింది.

"గొర్రె." తలూపింది.

"మెడ దగ్గర ఇంకోటి ఉంది. దాని పేరు చెప్పలేను. మనిషి వాసన."

"అదే మా అమ్మ," అంది. అప్పుడు ఏడ్చింది. చూడకూడదని గోడవైపు తిరిగి నిలబడింది. "గట్టిగా ఉతుకు. ఏమీ మిగలకూడదు."

ఉతికాను. మసినీళ్ళు కాలువ గొట్టంలోకి పోయాయి. నీళ్ళు వృథా చేస్తున్నానని మేడమ్ కిటికీలోంచి అరిచింది. వినిపించుకోలేదు. ఇలాంటి దినం పగవాడి తల్లికి కూడా వద్దని ఏడుస్తూనే ఉతికాను.

చలికాలం వచ్చాక ఒక పొద్దున పిల్లల గదిలోంచి ఆమె కేకేసింది: "సిస్టర్, పాలు మాడుతున్నాయి!" నేను పొయ్యి కట్టేయడం మరిచిపోయి వెళ్ళి ఆమెను కావలించుకున్నాను. ఆమె నన్ను విడిపించుకుని మేడ మీదికి పరుగెత్తింది.

చాలాసేపటికి శాలువాతో దిగింది. మడతలన్నీ విప్పి, అంచులన్నీ చూసినట్టుంది.

"సబ్బు," అంది. నా ఎదురుగా వచ్చి నిలబడింది. "మెడ దగ్గర ఒకటి ఉందన్నావు కదా. అది ఎలా ఉండేది?"

పొగ గుర్తుంది, గొర్రె గుర్తుంది. మూడోది ఎంత తలుచుకున్నా రాలేదు. వాళ్ళమ్మ వాసన చివరిసారి చూసింది నేనే.

"గుర్తులేదే," అన్నాను.

ఆమె నమ్మలేదు. శాలువా నా ముఖానికి ఆనించి, మళ్ళీ అడిగింది.